బంకమ్మ చర్మం, జోడయ్య కొలత

వరిమడి గట్టు పక్కన గేదె ఒకటి కాలు దిగబడి లాక్కున్న చోట గిట్టంత గుంట పడింది. వాన పడి నిండింది. మనకది కాలు తడిసేంత నీళ్ళే గానీ, అందులో కాపురముండే వాళ్ళకు పెద్ద ఊరు. ఆ ఊళ్ళో బంకమ్మ ఉండేది. బడి పుస్తకాల్లో అమీబా అంటారే, ఆవిడే. మనిషి మొత్తం ఒకటే కణం, ఆకారమంటూ ఒకటి లేదు, తొందరన్నది అసలే తెలియదు. పొరుగున జోడయ్య. వాడూ ఒక్క కణమే, పుస్తకాల్లో పేరు పారమీసియం. చెప్పు అడుగులాంటి ఒళ్ళు, ఒంటినిండా నూగు. ఆ నూగు ఆడిస్తూ గుంటంతా ఇట్టే చుట్టి వచ్చేవాడు.

ఎంత చురుకైతే ఏం లాభం, కడుపునిండా కుళ్ళు!

ఆ కుళ్ళంతా తిండి దగ్గరే. నీళ్ళూ గాలీ అయితే ఇద్దరికీ చర్మం గుండా వాటంతటవే వచ్చిపోతాయి. పెద్ద ముద్దకు ఆ దారి చాలదు. జోడయ్యకున్నది ఒకటే నోరు, అదీ పక్కన చిన్న గాడి. అందులో పట్టే చిన్నాచితకా సూక్ష్మజీవులతోనే సరిపెట్టుకోవాలి. బంకమ్మకు నోరే లేదు. పాచి ముద్ద కనబడితే ఒంటినే రెండు చేతుల్లా చాచి, ముద్దను చుట్టేసి, కొసలు కలిపేసేది. చుట్టిన చర్మం సంచిలా మారి, ముద్దతో సహా లోపలికి ఊడివచ్చేది. లోపల రసాలు దిగి ముద్ద అరిగేది.

"అబ్బా, నా ఒళ్ళంత ముద్ద! ఎటు పడితే అటు నుంచే మింగేస్తోంది!" అని జోడయ్య రోజూ ఏడ్చేవాడు. అలా ఏడ్చి ఏడ్చి, ఒకనాడు ఆ సంచి దేనితో తయారవుతుందో కనిపెట్టాడు. వెంటనే బయలుదేరాడు.

"వదినా, ఒక మాట చెబితే ఏమీ అనుకోవు కదా?"

"చెప్పు మరిదీ."

"ఇందాక తిన్నావే, ఆ ముద్దను దేంతో మూట కట్టావు?"

"నా చర్మంతోనే. ఏం?"

"అదే నా బాధ! ముద్దకో ముక్క చొప్పున నీ చర్మం నువ్వే ఊడదీసుకుంటున్నావు. ఇవాళ ఎన్ని తిన్నావు?"

"ఏడో ఎనిమిదో."

"ఇంకో నాలుగు రోజులు ఇలాగే తింటే ఒంటిమీద చర్మం ఉండదు వదినా. నీ లోపలిదంతా నీళ్ళపాలే! నా మాట విని తిండి మానెయ్."

బంకమ్మ అది నిజమేననుకుంది. ఆ పూట నుంచే తిండి మానేసింది. పచ్చటి పాచి ఒంటికి రాసుకుని పోతున్నా ముట్టలేదు. జోడయ్య రోజూ వచ్చి, "ఏమీ తినలేదు కదా వదినా?" అని తీయగా అడిగేవాడు. అవతలికి పోయి గిరగిరా తిరిగి గంతులేసేవాడు. ఆమె వదిలేసిన ముద్దలేమైనా వాడి నోట్లో పట్టాయా? ఒక్కటీ పట్టలేదు. ఆమె తినకపోతే చాలు, వాడి కడుపు నిండినట్టే. అసూయంటే అంతే మరి.

మూడో రోజుకి బంకమ్మ చావుకి దగ్గరపడింది. అప్పుడే ఆమె ఒంట్లో పాత సంచి ఒకటి, అరగని తొక్కతో, మెల్లగా వెనక అంచుకి చేరింది. చర్మానికి తగిలి, అక్కడే అతుక్కుని విచ్చుకుంది. తొక్క బయటికి పోయింది. సంచి మాత్రం పోలేదు. చర్మంలోనే పరుచుకుని కలిసిపోయింది. బిగుసుకున్న ఆ పక్క వదులైంది.

"ఓరి జోడయ్యా! ముద్ద లోపలికి పోవడమే చూశావు గానీ, చర్మం తిరిగి రావడం చూడలేదన్నమాట," అనుకుంది. వాడి గంతులూ గుర్తొచ్చాయి. ఒళ్ళు మండింది.

మర్నాడు జోడయ్య వచ్చీ రాగానే, "మరిదీ, నా చర్మం ఎంత తగ్గిందో తెలియడం లేదు. నాకా ఒక కొలతంటూ లేదు. నీ ఒళ్ళయితే ఎప్పుడూ ఒకటే పొడుగు. కాస్త నన్ను ఆనుకుని కొలిచి పెట్టవూ?" అంది.

ఆమె ఎంత చిక్కిందో తెలుసుకోవడం కంటే వాడికి కావలసిందేముంది! ఆనుకుని ఒక కొస నుంచి రెండో కొసకు కొలిచాడు.

"రెండున్నరే వదినా! మొన్న నాలుగు జోడయ్యలుండేదానివి!" నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నీ నూగు ఆడుతోంది, కొలత తప్పుతుంది. కదలకుండా ఇంకొక్కసారి."

జోడయ్య నూగు ఆపేసి బుద్ధిగా పడుకున్నాడు. అటొక చెయ్యి, ఇటొక చెయ్యి చుట్టుకొచ్చాయి. కొసలు కలిశాయి.

"వదినా! తలుపెక్కడ?"

"నాకు తలుపు లేదనే కదా మరిదీ ఇన్నాళ్ళూ ఏడ్చావు."

"వద్దొదినా! ఇంత పెద్ద సంచికి నీ చర్మం ఎంత పోతుందో ఆలోచించు!"

"తిరిగొస్తుందిలే. నువ్వు ఒక్కసారి నా వెనక్కి వచ్చి చూస్తే తెలిసేది. నీ నోటి అడుగునా ఇలాంటి సంచులే పుడతాయి. కనీసం నీ లోపలికి నువ్వు చూసుకున్నా తెలిసేది."

సంచిలోకి రసాలు దిగాయి.

సాయంత్రానికి ఆ సంచి వెనక అంచున విచ్చుకుంది. చిటికెడు నూగు నీళ్ళలో పడింది. చర్మం చర్మంలో కలిసిపోయింది. బంకమ్మ హాయిగా ఒళ్ళు సాగదీసింది. మునుపటిలాగే నాలుగు జోడయ్యల పొడుగు. కొలిచి చెప్పడానికి జోడయ్యే లేడు.

నీతి: పక్కవాడికి వచ్చేదే చూసి ఏడ్చేవాడు, దాని వెనక జరిగేది చూడనూ చూడడు, తనకున్నదేమిటో ఎరగనూ ఎరగడు.