ఒక్క పోగు రుచి

కొండవాగు రాజు ఉద్దండరాయుడికి ఒకనాటి పొద్దున కొత్త కోరిక పుట్టింది. కోటలో వండే నేతి వంటలు మొహం మొత్తాయట. కొలువులో మాటకారి తిప్పన్న ఇంట్లో ఎప్పుడో తిన్న కొబ్బరి సేవెలు కావాలట. అవీ కోట వంటవాళ్ళు చేసినవి పనికిరావు, తిప్పన్న భార్య మాచమ్మ తన ఇంట్లో, తన చేత్తో చేసినవే కావాలట. బియ్యం దివాణం నుంచి పోతాయి, ప్రతి శుక్రవారం పళ్ళెం నిండా సేవెలు రావాలి అని ఆజ్ఞ అయింది.

సేవెలు తెలియనివాళ్ళకు చెబుతాను, వినండి. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, ఆ పిండిని పొయ్యి మీద గట్టిపడేదాకా కలిపి, ముద్దలు చేసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడి మీదుండగానే చెక్క మరలో పెట్టి ఒత్తాలి. చల్లారిందా, మర మీద ఏనుగు కూర్చున్నా పిండి కదలదు. మర అడుగున బిళ్ళ, బిళ్ళకు కన్నాలు. వాటిలోంచి దిగే పోగుల్ని పళ్ళెంలో చుట్టగా పోసి, చుట్ట కాగానే వేలితో తెంచుతారు. పక్కన ఇంకో చుట్ట. ఆ తెంచడం గుర్తుపెట్టుకోండి, దానితో మనకు పనుంది. ఆఖరున ఆవాలు, మినప్పప్పు, పచ్చిమిరప, కరివేపాకు తాలింపు వేసి, అప్పుడే తురిమిన కొబ్బరి చల్లుతారు. ఇంత తేలికైన ఫలహారం మీద కొలువులో రగడ అయిందంటే, అది సేవెల తప్పు మాత్రం కాదు.

రాజు తినేది ముందుగా ఒకరు రుచి చూడాలి కదా. ఆ పని జగ్గప్పది. రసనాభూషణుడని తనకు తానే బిరుదు ఇచ్చుకున్న మనిషి. తెర వెనక కూర్చుని రుచి చూసేవాడు. అప్పుడు ఎవరూ చూడకూడదు, దిష్టి తగులుతుందని నియమం. ఆ నియమం పెట్టిందీ ఆయనే. మూతి తుడుచుకుంటూ ఇవతలికి వచ్చి, ఒక్క పోగు నాలుక మీద పడితే చాలు, బియ్యం ఏ మడిలో పండాయో చెప్పగలనని కోతలు కోసేవాడు. ఆయన కన్నా ముందు ఆయన బొజ్జ తెర దాటి వచ్చేది.

మాచమ్మ నిండు పళ్ళెం పంపితే రాజు ముందుకు సగమే వచ్చేది. రాజు మొదట ఊరుకున్నాడు. తర్వాత ఇదేమిటని జగ్గప్పను అడిగాడు. జగ్గప్ప నిట్టూర్చి, తనకు చాడీలు చెప్పే అలవాటు లేదన్నాడు. కాకపోతే తిప్పన్న ఇంట చెయ్యి కాస్త బిగువని, దివాణం బియ్యం సగం వాళ్ళ పొయ్యి దగ్గరే ఆగిపోతున్నాయేమోనని అన్నాడు.

రాజుకు అసలే అర్ధాకలి.

"తిప్పన్నా, వచ్చే శుక్రవారం కూడా సగమే వచ్చిందంటే, పెట్టేబేడా సర్దుకుని నా పొలిమేర దాటు."

తిప్పన్న ఇంటికి వెళ్ళి ఆ మాటే చెప్పాడు. మాచమ్మ కొబ్బరి తురుముతూ తలెత్తలేదు.

"పళ్ళెం మోసుకెళ్ళేది మీరే కదా. దారిలో ఆకలి వేస్తోందా?"

"నేను తింటే నీ ఎదురుగానే తింటానుగా."

"అవును, చూస్తూనే ఉన్నాను. రాజుగారి పళ్ళెం నయం, సగమైనా మిగులుతోంది."

పళ్ళెం ముందే రాజుకు చూపిద్దామంటే, రుచి చూడని తిండి మీద రాజు చూపు పడకూడదని ఇంకో నియమం. తెర వెనక సాక్షి ఉండడు. తిప్పన్న మర వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి, ఈసారి చుట్టకూ చుట్టకూ మధ్య తెంచవద్దని మాచమ్మతో చెప్పాడు. ఆమె ఒక క్షణం ఆలోచించి, పక్కున నవ్వింది.

పెళ్ళిళ్ళలో వాడే పెద్ద మర అడిగి తెచ్చారు, పిండంతా ఒక్క విడతకే పట్టాలి మరి. దానికి ఒకే ఒక్క కన్నమున్న బిళ్ళ వేశారు. తిప్పన్న మర కాడను పట్టుకుని వేలాడితే, మాచమ్మ కింద కూర్చుని పళ్ళెం తిప్పింది.

"ఇంకా గట్టిగా ఒత్తండి. కొలువులో కబుర్లు చెప్పినంత తేలిక కాదిది," అంది.

శుక్రవారం పళ్ళెం తెర వెనక్కి వెళ్ళింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. సగమే ఉంది.

రాజు మొహం ఎర్రబడింది. పొలిమేర ఎటువైపో తెలుసా అని తిప్పన్నను అడిగాడు. తెలుసునని, వెళ్ళేముందు ఒక్క ప్రశ్నకు సెలవిప్పించమని తిప్పన్న వేడుకుని, జగ్గప్ప వైపు తిరిగాడు.

"జగ్గప్పగారూ, ఇందులోంచి తమరు ఎంత తీసుకున్నారు?"

"ఎప్పుడూ తీసుకునేంతే. ఒక్క పోగు."

"రెండు కాదు కదా?"

"నా బిరుదు మీద ఒట్టు. ఒక్కటే."

తిప్పన్న పళ్ళెంలోకి తొంగి చూసి, విచారంగా తల ఊపాడు.

"అలాగైతే ప్రభూ, ఈ పళ్ళెం ఖాళీగా రావాలి."

కొలువులో ఎవరికీ అర్థం కాలేదు. అంచున కనబడే కొస మీద వేలు పెట్టి, పోగు ఎటు పోతే అటు పొమ్మని తిప్పన్న రాజును కోరాడు. రాజు వేలు మొదటి చుట్టంతా తిరిగి రెండో చుట్టలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి పక్కదానిలోకి. మంత్రులు మెడలు సాచారు. ఎక్కడా తెగని పోగు పళ్ళెం మధ్యకు వచ్చి, పుటుక్కున తెగి ఆగింది.

"మా ఇంటి నుంచి బయల్దేరింది ఒకే ఒక్క పోగు, ప్రభూ. దాన్ని కూడా పూర్తిగా తినలేకపోయిన పెద్దమనిషి రుచి ఏం చెబుతారు? మిగతా సగం ఎంత పొడుగుందో ఆయన నడుం పట్టీని అడగాలి."

జగ్గప్ప నోరు తెరిచాడు. మాటకన్నా ముందు తేన్పు వచ్చింది, కమ్మని కొబ్బరి వాసనతో. ఆ తర్వాత మాట వచ్చింది.

"లాగుతుంటే వస్తూనే ఉంది ప్రభూ."

కొలువంతా గొల్లుమంది. రాజు సింహాసనం చెయ్యి పట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తన చేతి కంకణం తీసి తిప్పన్న చేతిలో పెట్టి, అది మాచమ్మకని చెప్పాడు. ఇకమీదట శుక్రవారాలు తానే వాళ్ళింటికి వచ్చి, మర పక్కనే కూర్చుని తింటానన్నాడు.

తర్వాత వడ్డించేవాణ్ణి పిలిచి జగ్గప్పను చూపించాడు.

"ఇవాళ్టి నుంచి వీరికి పూటకు ఒక్క పోగు వడ్డించండి. సన్న బిళ్ళతో ఒత్తింది. తెంచి."