బొంత లోపలి చీర

హుసేనమ్మ కుట్టిన బొంతల్లో ఒక్కటి ముడుచుకుపోయింది.

తక్కినవన్నీ బాగానే వచ్చాయి. కొడుక్కి కుట్టింది, కోడలికి కుట్టింది, తమ్ముడికి కుట్టింది. పరిస్తే అవి చాపల్లా నేలకు అతుక్కునేవి. అక్క కోసం కుట్టినది మాత్రం ఉతికి బండ మీద ఆరేసేసరికి నడుమ ముడతలు పడి, మూలలు పైకి లేచాయి.

దాన్ని చంకన పెట్టుకుని ఆమె గిడ్డమ్మ అవ్వ దగ్గరికి వచ్చింది. అవ్వ గుట్ట కింద నాపరాళ్ల ఇంట్లో ఉండేది. తత్వాలు పాడుకునేవాళ్లు, మనసు బాగాలేనివాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవారు. అవ్వ పెద్దగా మాట్లాడేది కాదు. తనకు ఉపదేశం ఇమ్మని హుసేనమ్మ అడిగినప్పుడు, "ముందు నీవాళ్లందరికీ తలా ఒక బొంత కుట్టియ్యి, తర్వాత చూద్దాం" అని పంపేసింది.

ఈలోగా నంద్యాల నుంచి కబురొచ్చింది. అక్క తిమ్మక్కకు జ్వరం తగ్గినా వణుకు తగ్గలేదట. ఎన్ని కప్పినా చలి, చలి అంటోందట.

"నా చేతికి ఏమైందో చూడవ్వా. కుట్టు యాడా తప్పలేదు. అయినా ఇట్ల వచ్చింది" అంది హుసేనమ్మ.

అవ్వ కుట్టు వైపు చూడనే లేదు.

"తమ్మునికి కుట్టినావే, అది ఉందా?"

"ఉంది. రేపు పంపాల."

"పోయి తే."

తెచ్చింది. అవ్వ వాకిట్లోకి నడిచింది. అప్పుడే ఎండ గుట్ట దాటి వస్తోంది.

"ఆ కొస పట్టుకో. పైకెత్తు. ఇంకా పైకి. తిండి తినడం లేదా?"

ఇద్దరూ తమ్ముడి బొంతను ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు.

బొంత నిండా వెలుగు పాకింది. పైకి కనబడని పొరలన్నీ ఒకదాని వెనక ఒకటి తేలాయి. నాయిన పంచె అంచు నిలువునా సాగింది. కోడలి పాత చీర మీది పూలు నీళ్లలో ఉన్నట్టు కదిలాయి. ఎప్పుడో మనవడు వేసుకున్న చొక్కా చిన్న చేయి ఒకటి పక్కకు చాచి ఉంది. సూది దిగిన ప్రతి చోటా ఒక చుక్క మెరిసింది. అవన్నీ లోపల పేర్చింది ఆమే. ఇట్లా ఉంటాయని మాత్రం ఆమెకు తెలియదు.

"అవ్వా" అంది.

"ఇంగ అక్కది పట్టు."

అక్క బొంతను ఎత్తారు. అంచుల్లో కొంచెం వెలుగు కనబడింది. నడుమ మాత్రం చీకటి గోడలా ఉంది. ఎండ అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

"లోపల ఏం పెట్టినావు?"

"కోరా గుడ్డ."

"కొత్తదా?"

"అంగట్లో కొన్నా. తడపకుండానే పెట్టినా. మరిచిపోయినా."

కొత్త గుడ్డ నీళ్లు తగిలితే కుంచించుకుపోతుందని హుసేనమ్మకు తెలియక కాదు. సూది పట్టిన నాటి నుంచి ఆమె బొంతలో కొత్త గుడ్డ పెట్టి ఎరుగదు.

"పాతవేమీ దొరకలేదా?" అంది అవ్వ.

హుసేనమ్మ తల వంచుకుంది.

"అమ్మ చీర ఉంది."

తల్లి పోయినప్పుడు తిమ్మక్క అడిగింది ఆ ఒక్క చీరే. పోయినవాళ్ల బట్టలతో పాటు దాన్ని కూడా చాకలికి ఇచ్చేశామని హుసేనమ్మ చెప్పింది. తిమ్మక్క ఏడ్చుకుంటూ బస్సెక్కింది. మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. చీర మాత్రం హుసేనమ్మ ట్రంకుపెట్టెలో అడుగున ఉంది.

"మంచంలో పడినప్పుడు అమ్మకు నీళ్లు పోసింది నేను. పక్క ఎత్తింది నేను. ఆమె పండగకొచ్చినట్టు వచ్చి పోయేది. చీర నాది కాదా? నువ్వే చెప్పవ్వా."

"నీదే" అంది అవ్వ. "పోయి తే."

హుసేనమ్మ మరుసటి రోజు పొద్దున్నే చీర తెచ్చింది. కత్తెర కూడా తెచ్చింది.

"రాత్రంతా ఆలోచించినా. సగం ఇస్తా. సగం నాకుండాల. అది న్యాయం."

"మంచిది. ఎండకు పట్టు, అరిగింది పోగా ఎంత మిగిలిందో చూద్దాం."

అది ఎమ్మిగనూరు నేత చీర. ఒకప్పుడు ఏ రంగో చెప్పలేం. హుసేనమ్మ ఒక కొస, అవ్వ ఒక కొస పట్టుకుని నెమ్మదిగా ఎత్తారు. ఎండ చీర లోకి వచ్చింది.

మొదట భుజం కనబడింది. మోసిన కట్టెల మోపుల కింద అక్కడ పోగులు నలిగి విడిపోయాయి. తర్వాత నడుము. బిందె ఆనే చోట వంకరగా ఒక మరక, దాని చుట్టూ పలచన. తల్లి లేదు. ఆమె నిలబడిన తీరు, వంగిన తీరు చీరలో అట్లాగే ఉన్నాయి. చీర వెనక ఎవరో ఉన్నట్టు హుసేనమ్మ తొంగి చూసింది.

ఇంకొంచెం ఎత్తారు. ఒడి వచ్చింది.

అక్కడ గుడ్డ దాదాపు లేదు. పోగులు గాలికి నిలిచినట్టు నిలిచాయి. వాటి నడుమ నుంచి ఎండ ఇద్దరి ముఖాల మీద పడింది. పక్కపక్కనే రెండు గుండ్రాలు. పిల్లలు తల పెట్టుకుని నిద్రపోయే చోటు. ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని జ్వరాలు, ఎన్ని అలకలు ఆ చోట పడుకుంటే అది అంత అరిగిందో. ఎడమవైపుది తనది. అమ్మ ఎప్పుడూ తనను అటే వేసుకునేది. కుడివైపుది ఇంకా పలచగా ఉంది. తాను పుట్టకముందే ఎవరో అక్కడ పడుకోవడం మొదలుపెట్టారు.

రెండు గుండ్రాలూ నడుమ కలిసిపోయాయి. ఏది ఎక్కడ ఆగిందో కనబడలేదు.

అవ్వ ఒక చేత్తో చీర పట్టుకునే, రెండో చేత్తో కత్తెర తీసి అందించింది.

"నీ తలకాయ యాడిదాకా ఉందో చూసుకోని కోయి."

హుసేనమ్మ కత్తెర తీసుకుంది. చీర దగ్గరికి తెచ్చింది. చీర మీది వెలుగు ఆమె వేళ్ల మీద, కత్తెర మీద పడింది. ఆమె ఎంతసేపు అట్లా నిలబడిందో, ఎండ గుట్ట పైకి ఎక్కి వాకిట్లో నీడలు పొట్టివయ్యాయి. అవ్వ చేయి దించలేదు. ముసలి చేయి, నొప్పి పెట్టే ఉంటుంది.

చివరికి హుసేనమ్మ కత్తెరను అరుగు మీద పెట్టింది.

కూర్చుని, ముడుచుకున్న బొంత కుట్లు విప్పింది. కోరా గుడ్డను లాగేసింది. దాని చోట చీరను మొత్తంగా పరిచి, ఒడి పలచబడిన చోటు నడుమకు వచ్చేలా సర్దింది. పై పొర కప్పి, తన వైపు అంచు నుంచి కుట్టు మొదలుపెట్టింది. పెద్ద బొంతను ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, రెండు అంచుల నుంచీ నడుమకు కుట్టుకుంటూ వస్తారు. నాలుగు వరసలు పడేసరికి అవ్వ సూదికి దారమెక్కించి, అవతలి అంచు దగ్గర చతికిలబడింది.

"నువ్వొద్దవ్వా" అంది హుసేనమ్మ.

అవ్వ తలెత్తింది.

"ఆ పక్క మా అక్క కుడ్తాది."

అవ్వ సూదిని దారంతో సహా ఆ అంచుకే గుచ్చి వదిలేసింది. మోకాళ్ల మీద చేతులానించి లేచి, ఎండ వైపు చూసింది.

"పన్నెండు గంటల నంద్యాల బస్సు ఇంకా పోలేదు" అంది.