గాలిలో ఆగిన చేయి

గౌస్ మొహిద్దీన్ యుద్ధవిమానం నడుపుతాడు. వారం రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు. ఒక అర్జీ రాసి, మడిచి జేబులో పెట్టుకుని, స్థావరం నుంచి సముద్రం ఒడ్డున ఉన్న దర్గాకి నడిచొచ్చాడు.

అక్కడ అతని గురువు సుభాన్ బాబా ఉంటారు. కళ్లకు పొరలు కమ్మాయి. అడుగుల చప్పుడును బట్టే మనుషుల్ని పోల్చుకుంటారు.

"అడుగు బరువుగా ఉందేం బేటా?" అన్నారు.

గౌస్ చెప్పుకొచ్చాడు. బాంబులు మోసే పెద్ద విమానాలు నిదానంగా పోతాయి. వాటికి కాపలాగా ఇతని లాంటివాళ్లు చిన్న విమానాల్లో వెళ్తారు. చాలా దూరం కనుక రెక్కల కింద అదనంగా పెట్రోలు ట్యాంకులు తగిలిస్తారు. చిన్నవాటికి వడి ఎక్కువ కదా, పెద్దవాటిని దాటిపోకుండా అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ పక్కనే ఉండాలి. ఏడు గంటలు. కింద అంతా నీళ్లే.

ఆ ఏడు గంటలూ గౌస్‌కి తోడు దేవసహాయం. పెద్ద విమానంలో పక్క కిటికీ దగ్గర తుపాకీతో ఉండేవాడు. గౌస్ దగ్గరికి వచ్చినప్పుడల్లా సత్తు గ్లాసు ఎత్తి చూపేవాడు, టీ తాగుతావా అన్నట్టు. కిందికి దిగాక, "అన్నిసార్లు పిలిచినా రావు, అంత గొప్పేంటోయ్ నీకు" అని ఏడిపించేవాడు.

"పోయిన వారం శత్రువిమానం ఒకటి కనపడింది బాబా. బరువు తగ్గడానికి ట్యాంకులు కిందికి వదిలేసి వెంటపడ్డాను. కూల్చాను కూడా. ఈలోగా ఇంకొకటి వచ్చి పడింది. తిరిగొచ్చేసరికి, దేవసహాయం విమానం ఉండాల్సిన చోట ఒట్టి ఆకాశం ఉంది."

బాబా అతని వైపు మొహం తిప్పారు.

"ఇక కాపలా నా వల్ల కాదు. వేటాడే దళంలోకి మార్చమని అర్జీ రాశాను. ఒక్కొక్కణ్ణీ వెతికి కూలుస్తాను. రేపు పొద్దున్నే ఇచ్చేస్తా. దువా చెయ్యండి."

"చేస్తాలే. ముందు నన్ను నీళ్ల దాకా తీసుకెళ్లు. కాళ్లు తడుపుకుని చాలా రోజులైంది."

అతని భుజం మీద చేయి వేసి బాబా ఇసకలోకి దిగారు. నాలుగు అడుగులు వేశారో లేదో, ఎక్కణ్ణించో ఒక కుక్క గుర్రుమంటూ మీదికొచ్చింది. గౌస్ రాయి తీసుకుని ఉరికాడు. అది పరుగెత్తింది, ఇతనూ పరుగెత్తాడు. సరుగుడు తోట దాటేదాకా తరిమి, రొప్పుతూ వెనక్కి వచ్చాడు.

బాబా వదిలిన చోటే నిలబడి ఉన్నారు. చేయి ఇంకా గాలిలోనే ఉంది, సరిగ్గా గౌస్ భుజం ఎత్తున.

"ఎంత దూరం తరిమావు బేటా?"

"తోట అవతలి దాకా, బాబా."

"మంచిదే. నేను ఇక్కడే ఉన్నాను."

గౌస్ చేతిలోని రాయి కింద పడేశాడు. వంగి, ఆ చేతి కిందికి తన భుజం చేర్చాడు.

మర్నాడు అర్జీ జేబులోనే ఉండిపోయింది. సముద్రం మీద, పెద్ద విమానాల వరసలో ఖాళీ అయిన చోటికి కొత్తది వచ్చింది. దాని కిటికీ దగ్గర ఎవరో కొత్త మనిషి బిగుసుకుపోయి కూర్చున్నాడు.

దూరంగా శత్రువిమానం ఒకటి చుక్కలా తళుక్కుమని మబ్బుల్లోకి జారుకుంది. గౌస్ చూశాడు. చూస్తూనే వంకర తిరిగి కిటికీ పక్కకు వచ్చాడు. ఒట్టి చేతిని, గ్లాసు పట్టుకున్నట్టు, పైకెత్తాడు.

అదేమిటో ఆ మనిషికి తెలియదు. అయినా తనూ చేయి ఎత్తాడు.