నీళ్లుండగా మట్టి

ఇద్రీస్ మంచివాడే, కాకపోతే మాట ఇచ్చేయడంలో తొందరెక్కువ. ఆ తొందరే ఇవాళ అతని పీకల మీదికి తెచ్చింది.

కొండ కింద ముప్పై ఇళ్లున్నాయి. నిన్న ఆ ఇళ్లవాళ్లందరినీ కూడగట్టి, "బురాన్ షా బాబా చేత దువా చేయించి దీవెన తెస్తాను, తూర్పు వాలు మీద అడవి కొట్టేసి కొండవరి చల్లుకుందురు గాని" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "బాబా నా మాట ఎప్పుడైనా కాదన్నారా? రేపు పొద్దు వాలేసరికి దువా అయిపోయినట్టే అనుకోండి" అని కూడా అనేశాడు.

ఆ తూర్పు వాలు మీదే, పెద్ద చెట్ల నీడలో, బాబా గుడిసె. ఏడాదిలో ఆరు నెలలు వాన పడే కొండలవి. మిట్టమధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పొడ కనిపించని అడవి. ఇద్రీస్ పన్నెండేళ్లుగా అక్కడే ఆయనకు శుశ్రూష చేస్తున్నాడు.

తెల్లారినప్పటి నుంచీ అతను కాలుగాలిన పిల్లిలా గుడిసె చుట్టూ తిరుగుతున్నాడు. అడుగుదామంటే నోరు రావడం లేదు. ఎందుకు రావడం లేదో అతనికే తెలియడం లేదు. కింద జనం పస్తులుంటున్న మాట నిజం. ఊరి పెద్ద దస్తగిరి కోడలు పచ్చి బాలింత. వారం రోజులుగా పలచని గంజి మీదే ఉంది. చెట్లు ఇప్పుడు పడగొడితేనే అవి ఎండి, వానలకు ముందు తగలబెట్టడానికి వీలవుతుంది. ఇప్పటికే ఆలస్యమైంది. ఇంకా జాగు చేస్తే ఈ ఏటి పంట లేనట్టే.

చివరికి మధ్యాహ్నం దాటాక ఉండబట్టలేక, చాప మీద జపమాల తిప్పుకుంటున్న బాబా ఎదుట కూలబడ్డాడు.

"బాబా, కిందవాళ్లకు ఆకలి."

"తెలుసు బేటా. మొన్న మన బియ్యంలో సగం నీతోనే కదా పంపాను."

"అవి ఎన్నాళ్లొస్తాయి బాబా? ఈ వాలు కొట్టుకుంటే ఏడాదంతా తింటారు. మీరు దువా చేస్తే గొడ్డలి ఎత్తుతారు."

బాబా జపమాల ఆపారు.

"పడమటి వాలు కొట్టింది నాలుగేళ్ల కిందటేగా?"

ఆ వాలు దగ్గరుండి కొట్టించింది ఇద్రీసే. మొదటి ఏడు, బూడిదలో చల్లిన వరి మనిషెత్తు లేచింది. నా వల్ల ముప్పై పొయ్యిలు వెలిగాయని ఎంత మురిసిపోయాడో! రెండో ఏడు పంట సగమైంది. మూడో ఏడు విత్తనాలైనా తిరిగి రాలేదు. నిరుటి వానలకు మిగిలిన కాస్త మట్టీ కొట్టుకుపోయి, ఇప్పుడక్కడ ఎర్రరాయి తేలింది. ఆ పక్క వాగు వానల్లో బురదై పారుతుంది, చలికాలం పోకముందే ఎండిపోతుంది. ఊరి ఆడవాళ్లు బిందెలు చంకనెత్తుకుని రెండు మైళ్లు నడిచి, ఈ తూర్పు వాలు లోంచి వచ్చే వాగుకే నీళ్లకు వస్తున్నారు.

"ఆ నేలలోనే సారం లేదు బాబా" అన్నాడు గబగబా. "ఇది అలాంటిది కాదు. చూడండి, ఎంత నల్లగా ఉందో! పిడికిట్లో పట్టుకుంటే మెత్తగా, చల్లగా."

"నాలుగేళ్ల కిందట అక్కడి మట్టి ఏ రంగులో ఉండేది?"

ఇద్రీస్‌కు బాగా గుర్తుంది. నల్లగానే ఉండేది.

"అయినా ఆకలి ఆగదు కదా బాబా!" ఇద్రీస్ ముందుకు జరిగాడు. "ఆ తల్లికి పాలు పడటం లేదు. నేనేమో మాట ఇచ్చేశాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కిందికి పోను? ఒక్క దువా బాబా, మీకు పుణ్యముంటుంది!"

"మొహం సంగతి తర్వాత. సాయంత్రం నమాజు వేళయింది. వుజూకి నీళ్లు తీసుకురా."

నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడమే వుజూ. ఇద్రీస్ చెంబు తీసుకుని వాగులోకి దిగాడు. నీళ్లు అడుగున గులకరాళ్లు కనపడేంత తేటగా ఉన్నాయి. చల్లదనానికి వేళ్లు కొంకర్లు పోయాయి. అతని ధ్యాస దాని మీద లేదు. పొద్దు వాలుతోంది, వాళ్లు గొడ్డళ్లు పట్టుకుని ఎదురుచూస్తుంటారు, ఇంకా ఈయన ఒక్క మాటా అనలేదు. పరుగున తిరిగొచ్చి నిండు చెంబు బాబా ముందు పెట్టాడు.

బాబా చెంబును ముట్టుకోలేదు. దాన్ని పక్కకు జరిపి, చాప దిగి, గుడిసె ముందరి పొడినేల మీద కూర్చున్నారు. ఎండుటాకులు తొలగించి రెండు అరచేతులూ మట్టి మీద తట్టారు. అంటిన దుమ్ము ఊదేసి ముఖమంతా తుడుచుకున్నారు. మళ్లీ తట్టి చేతులు తుడుచుకున్నారు.

ఇద్రీస్ బిత్తరపోయాడు. అది తయమ్ముం, నీళ్లకు బదులు మట్టితో చేసే వుజూ. ఎడారిలో చుక్క నీరు దొరకని బాటసారికి మతం ఇచ్చిన వెసులుబాటు. ఈ వానకొండల్లో, వాగు పక్కన కూర్చుని ఎవరైనా అలా చేయగా అతను చూసి ఎరగడు. అయ్యో, ముసలితనాన మతి తప్పిందేమోనని భయం వేసింది.

"బాబా, బాబా! ఇవిగో నీళ్లు, తెచ్చాను కదా! నీళ్లుండగా మట్టి చెల్లదు!"

"చెల్లదు" అన్నారు బాబా, మరోసారి మట్టి మీద చేతులు తడుతూ. "నాకూ తెలుసు."

"మరి ఇదేమిటి?"

"అలవాటు చేసుకుంటున్నాను."

ఇద్రీస్ చెంబును మళ్లీ ఆయన ముందుకు జరిపాడు.

బాబా చెంబు దగ్గరికి లాక్కుని, ఈసారి నీళ్లతో పద్ధతిగా వుజూ చేసుకున్నారు. అడుగున గుక్కెడు నీళ్లు మిగిలితే, చెంబును అలాగే శిష్యుడి చేతికిచ్చారు.

"నా నమాజు మట్టితో కూడా గడిచిపోతుంది బేటా. ఆ బాలింతకు దాహమైతే ఏమివ్వాలో, కిందికెళ్లి వాళ్లని అడిగి రా."

అప్పుడే వాలు కింద నుంచి గొడ్డలి దెబ్బ వినిపించింది. వెంటనే ఇంకొకటి. పొద్దు వాలింది కదా, అతని మాట మీద నమ్మకంతో వాళ్లు మొదలుపెట్టేశారు.

వాళ్లకు ఏం చెప్పాలో, ఏం పెట్టాలో ఇద్రీస్‌కు ఇంకా తెలియదు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. "ఆగండి! దస్తగిరి మామా, ఆగండి! దువా కాలేదు!" అని గొంతు చించుకుంటూ చెట్ల మధ్య నుంచి కిందికి పరుగెత్తాడు.