సాక్షిని నిలదీసిన సమిద్వతి

పూర్వం కృతయుగం నడినాళ్ళలో, శోణానదీ తీరాన, మద్దిచెట్ల నీడన ఆశ్రమం కట్టుకుని ధౌమ్రాయణుడనే మహర్షి ఉండేవాడు. వేదవేదాంగ పారంగతుడు, జితేంద్రియుడు, కన్నెర్రజేస్తే కొండలు వణికేంతటివాడు. అంతటివాడికీ ఇంట్లో నిప్పు ఆరకుండా ఎలా నిలుస్తుందో మాత్రం తెలియదు. అది తెలిసినది ఆయన ధర్మపత్ని, సాధ్వీమణి సమిద్వతికి. ఏ అగ్ని చుట్టూ ఏడడుగులు నడిచిందో ఆ అగ్నినే కుండలో పెట్టుకుని అత్తవారింటికి తెచ్చుకున్న ఇల్లాలు ఆమె. భర్త సశరీర స్వర్గం కోరి మేరుగిరికి తపస్సుకు పోగా, వానకు తాను తడిసి అగ్నికి గొడుగు పట్టి, చూపులేని అత్తగారికి కడదాకా ముద్ద కలిపి పెట్టి, ఇద్దరు కొడుకులను పెంచి గురుకులానికి పంపి, నల్లని జడ నెరిసేదాకా ఎదురుచూసింది.

తపస్సు ఫలించింది. బ్రహ్మదేవుడి వరం పుచ్చుకుని, దేవదూత నడిపే బంగారు విమానంలో వచ్చి మహర్షి వాకిట్లో దిగాడు.

"సమిద్వతీ, స్వర్గానికి పోతున్నాను. పూర్ణాహుతి చేసి బయలుదేరాలి. త్వరగా నెయ్యి కాచు!"

తల్లి ఏదని అడగలేదు, పిల్లలెక్కడని అడగలేదు. సమిద్వతి మెల్లగా విమానం దగ్గరకు పోయి తొంగిచూసింది.

"ఇందులో ఆసనం ఒక్కటే ఉందేం నాయనా?"

దేవదూత మద్దిచెట్ల వైపు చూడసాగాడు. మహర్షే బదులిచ్చాడు.

"తపస్సు చేసినవాడికే కదా ఆసనం! నీకేం లోటు? అగ్నిని కాపాడుకుంటూ ఇక్కడే ఉండు."

ఆ మాటతో ఆమె కడుపులో ఏళ్ళ తరబడి నివురు కప్పి ఉన్న మంట గుప్పుమంది.

"అయితే మీ ఆహుతికి నేను చెయ్యి తాకించను."

భార్య దర్భతో భర్త చేతిని తాకి ఉంటేనే గృహస్థు హోమం చెల్లుతుంది. మహర్షి మండిపడి, గుప్పెడు దర్భలు పెరికి, బొమ్మ కట్టి, పక్కన పీట మీద కూర్చోబెట్టాడు. "ఇదే నా పత్ని!"

"భేషుగ్గా ఉంది! నోరు లేదు, ఆకలి లేదు, మీకు తగిన ఇల్లాలే. మీ అమ్మగారిని ఎత్తి కూర్చోబెట్టింది కూడా ఈవిడేనా, మహర్షీ?"

ఆయన వినిపించుకోక నెయ్యి పోశాడు. మంట లేవలేదు. పొగ చుట్టుముట్టి, మంత్రం మధ్యలో మహర్షికి దగ్గు తెర వచ్చింది. సమిద్వతి లోపలికి పోయి నిండు నీళ్ళకడవ చంకనెత్తుకుని వచ్చి హోమగుండం ముందు నిలబడింది. కోపమంతా ఇప్పుడు అగ్ని మీదికి మళ్ళింది.

"ఓయి హుతాశనా! మా పెళ్ళికి సాక్షివి నువ్వు. ధర్మంలో నన్ను దాటిపోనని ఈయన చెప్పిన మాట నీ ఎదుట చెప్పినదే. నా చేతి తిండి తిన్నావు, నా గొడుగు కింద బతికావు. దాటిపోతుంటే చూస్తూ ఊరుకుంటావా? నోరు విప్పని సాక్షి నా ఇంట ఎందుకు?"

కడవ వంచింది. పెళ్ళినాటి అగ్ని ఆరితే గృహస్థు పుణ్యమంతా ఆరినట్లే. మహర్షి "వద్దు!" అని కేకవేశాడు. తొలి చుక్క రాలకముందే ఏడు నాలుకల అగ్నిదేవుడు, ఆ సప్తజిహ్వుడు, చేతులు జోడించి గుండంలోనుంచి లేచాడు.

"తల్లీ, ఆగు! ఇన్ని వేల ఏళ్ళుగా పెళ్ళిపీటల మీద నన్ను సాక్షిగా నిలిపారే కాని సాక్ష్యం అడిగినది నువ్వొక్కతెవే. చెబుతున్నాను, వినండి. ధౌమ్రాయణా, మంచులో నిన్ను నిలిపిన తపోజ్వాల నేనే. ఆ నాకు ఇక్కడ సమిధలు పెట్టి బతికించినది ఈమె. నీ తపస్సులో సగం ఈమెది. సగం పుణ్యానికి విమానం లేవదు, కావాలంటే ఎక్కి చూడు."

మహర్షి ఎక్కాడు. విమానం కదలలేదు. తల వంచుకుని దిగివచ్చి, "మా అమ్మ పోయేముందు నన్ను తలచిందా?" అని మొదటిసారి అడిగాడు.

"రోజూ," అంది సమిద్వతి. కడవ మాత్రం దించలేదు.

"వరం కోరుకో తల్లీ," అన్నాడు అగ్ని.

"భార్య చెయ్యి తాకని గృహస్థు ఆహుతి ఇకమీదట నీ నాలుకకు అంటరాదు. ఇక ఈయన సంగతి. నేను ఎన్నేళ్ళు ఈ నిప్పు కాచానో అన్నేళ్ళూ ఈయన కాయాలి. ఆ తరువాత రెండు పీటల విమానం వస్తే, ఇద్దరం ఆలోచించుకుంటాం."

"తథాస్తు!"

మహర్షి సమిధలకు అడవికి కదిలాడు. వెనకనుంచి "తడివి తేకండి!" అని ఆమె కేకవేసింది. దేవతలకు హవిస్సులు లోటు లేకుండా అందాయి, వానలు వేళకు కురిశాయి. ఈ కథ శ్రద్ధగా విన్న ఇంట పెళ్ళినాటి మాట ఆరదు. వినని ఇంట, నీళ్ళకడవ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.