నర్సవ్వ అడిగిన మాట

ప్రశ్నకు సూటిగా బదులివ్వడం వేముల కనకయ్యకు అలవాటు లేదు. షోలాపూరులో మరమగ్గాల హోరుకు చెవులు మందగించిన ముసలి గురువు ఆయన. మగ్గాలు ఆగే రోజున మధ్యాహ్నం నలుగురైదుగురు నేతగాళ్లు ఆయన చుట్టూ చేరి నాలుగు మంచిమాటలు వినిపోయేవారు. ఒకనాడు అందరూ లేచి వెళ్లినా సాయన్న మాత్రం కదలలేదు. అతను నిజామాబాదు వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు.

"అయ్యా, నేనీ ఊరికొచ్చి ఆరేండ్లాయె. వీళ్ల మరాఠీ నేర్చుకున్న. వీళ్ల పండుగకు అందరికంటె ముందుగాల నేనే తోరణం కడుతున్న. అయినా మా గల్లీల నడుస్తుంటే చుట్టపుచూపుగ వచ్చినోని లెక్కనే ఉంటది. ఇంకేం జేస్తె నేనీ ఊరోణ్ణయిత?"

గురువు నర్సవ్వ సంగతి ఎత్తుకున్నాడు.

నర్సవ్వ సిద్దిపేట పక్క పల్లె నుంచి షోలాపూరుకు కాపురానికి వచ్చింది. మొగుడు మల్లేశం మరమగ్గం మీద పనికి పోతే, ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. వాళ్లకు గది దొరికింది తెలుగువాళ్ల పేటలో కాదు, అందరూ మరాఠీవాళ్లే ఉన్న సందులో. వచ్చిన వారంలోనే కుళాయి దగ్గర ఎవరినో బిందె జరపమని తెలుగులోనే అడిగింది. ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. చెడ్డవాళ్లు కారు, ఆ మాట వాళ్లకు వింతగా తోచింది, అంతే. ఆపైన ఏడాదిపాటు ఆమెను 'బిందెబాయి' అనే పిలిచారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది. కానీ ఇక ఈ సందులో తన నోట తెలుగు మాట రాకూడదని ఆనాడే గట్టిగా అనుకుంది.

అనుకున్నట్టే మెలిగింది. వాళ్ల యాస పట్టింది, వాళ్లలా చీర కట్టింది, జొన్నరొట్టె వాళ్లకంటే పలచగా తట్టింది. కాపురానికొచ్చిన ఏడో ఏట మల్లేశం దగ్గి దగ్గి పోయాడు. పిల్లల్లేరు. ఇక ఇంట్లో కూడా తెలుగు మాట్లాడే మనిషి లేకుండా పోయింది. ఒకసారి అన్న కూతురి పెళ్లికని పల్లెకు పోతే, అక్కడ ఆమెను 'షోలాపూరామె' అన్నారు. ఆమె తెలుగులో దొర్లిన మరాఠీ ముక్కలు ఏరి ఏరి నవ్వుకున్నారు. మూడోనాడే బస్సెక్కింది. ఆ తర్వాత ఎటూ పోలేదు.

పక్కగది సోనాబాయి ఆమెకు ప్రాణం. కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. ఇరవై ఎనిమిదేళ్ల సావాసంలో నర్సవ్వ గురించి తనకు తెలియనిది ఏదీ లేదని సోనాబాయి నమ్మకం.

ఒక ఎండాకాలం నర్సవ్వకు ఒళ్లు తెలియని జ్వరం తగిలింది. రెండోనాటి మధ్యాహ్నం ఆమె ఏదో అడగసాగింది. సోనాబాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మంచినీళ్లు పడితే తల తిప్పేసింది. దుప్పటి కప్పితే తోసేసింది. మళ్లీ అదే మాట, ఈసారి విసుగ్గా. మల్లేశం పోయిన నాటి నుంచి ఈ మనిషి నోట తానెన్నడూ వినని భాష. సోనాబాయికి భయం వేసింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా రెండు సందులు దాటి మగ్గాల షెడ్డుకు పరుగెత్తి, తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా రండని కేకపెట్టింది. అక్కడున్న వాళ్లందరూ తెలుగువాళ్లే. ముందుగా లేచినవాడు కనకయ్య. అప్పటికి పాతికేళ్లవాడు.

తలనిండా దూది నూగుతోనే వెళ్లి మంచం దగ్గర వంగి విన్నాడు.

"సోన తిన్నదా?" అంటోంది నర్సవ్వ. "పొద్దటి సంది నా కాడనే కూసున్నది. దానికింత రొట్టె పెట్టుండ్రి."

కనకయ్య ఆ మాటను మరాఠీలో చెప్పాడు. పొద్దుటి నుంచి సోనాబాయి నిజంగానే ఏమీ తినలేదు.

"తిన్నానక్కా అని మీలో ఎలా అంటారు?" అని అడిగింది ఆమె.

అతను చెప్పాడు. ఆమె ఆ రెండు ముక్కలూ లోలోపల వల్లించుకుని, నర్సవ్వ చెవి దగ్గర నోరు పెట్టి వంకర టింకరగా అంది. నర్సవ్వ కళ్లు తెరవలేదు. విసుగు మాత్రం ఆగింది. చెయ్యి తడుముకుంటూ వచ్చి సోనాబాయి మోకాలి మీద ఆగింది.

నాలుగోనాటికి జ్వరం దిగింది. ఏమీ జరగనట్టు నర్సవ్వ మళ్లీ మరాఠీలోనే మాట్లాడింది. సోనాబాయి మాత్రం కనకయ్య దగ్గర మరో ముక్క నేర్చుకుని, ఆ మధ్యాహ్నం గడపలో నిలబడి, సందంతా వినేలా, "తిన్నవా అక్కా?" అంది. నర్సవ్వ ఉలిక్కిపడి, ఎవరు విన్నారోనని అటూ ఇటూ చూసింది. తర్వాత నెమ్మదిగా, "తిన్న, నువ్వు తిన్నవా?" అని తెలుగులోనే అంది. ఆమె బతికినన్నాళ్లూ ఆ సందులో అంతకు మించి తెలుగు వినపడలేదు.

గురువు అక్కడితో ఆపాడు. సాయన్న ఉండబట్టలేక అడిగాడు.

"అయితె అప్పుడామె ఈ ఊరిదయిందా అయ్యా?"

"అది నాకు తెల్వది సాయన్నా. ఇరవై ఎనిమిదేండ్లు వీళ్ల దిక్కు ఆమె ఒక్కతే నడిచింది. సోనాబాయి ఎదురొచ్చింది ఆ దినమే."