గంప కింద మూడు అడుగులు

అనగనగా కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో మరిడమ్మ అని ఏడేళ్ళ పిల్ల. అచ్చం నీలాగే, పడుకోవే అంటే ప్రశ్నలు అడిగే రకం.

దానికో విద్య ఉండేది. గట్టు మీద ఎవరొస్తున్నా మొహం కనబడకముందే నడక చూసి పేరు చెప్పేసేది. నడకంటే ఒకటే అనుకున్నావా? పంతులుగారు చేతులు వెనక్కి కట్టుకుని తాపీగా నడిచేవారు. చేపలమ్మే అప్పాయమ్మ చకచకా నడిచేది, మొగుడితో పోట్లాడిన రోజున విసవిసా పోయేది. కల్లు తాగిన గవర్రాజు గట్టంతా తనదేనన్నట్టు ఈ చివర నుంచి ఆ చివరకి తూలేవాడు. అన్నీ మరిడమ్మకి తెలుసు. అన్నీ చేసి చూపించి తన్నులు కూడా తినేది.

అన్ని నడకల్లోకీ దానికి వాళ్ళ నాన్న నడకంటే ప్రాణం. వాళ్ళ నాన్న సింహాద్రి పడవ లాగేవాడు. అప్పట్లో గాలి లేకపోతే పడవ కదిలేది కాదు. మనుషులే తాడు భుజానికేసుకుని, ముందుకు వంగి, గట్టు వెంట బరువుగా అడుగులేస్తూ లాగేవారు. లాగి లాగి సింహాద్రికి ఇంట్లో కూడా ఆ వంగుడు నడకే వచ్చేసింది. చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళినా వెనకాల పడవ ఉన్నట్టే వెళ్ళేవాడు.

పడవెక్కితే మళ్ళీ నెలల తర్వాతే ఇల్లు చూసేవాడు. మరిడమ్మ మొదటి అడుగు వేసినప్పుడు ఆయన ఊళ్ళో లేడు. పిల్ల అడుగేస్తే అరిసెలు వండి పంచాలి కదా, అవీ పంచేశారు. ఆయన వచ్చేసరికి పిల్ల పరుగులు పెడుతోంది. ఆ దిగులు ఆయనకి పోలేదు.

ఆ తర్వాత మరిడమ్మకి ఒక తమ్ముడు పుట్టాడు. వాడు గోడ పట్టుకుని లేవడం నేర్చుకునే రోజుల్లో, పెంకుల పడవ లాగడానికి సింహాద్రికి పిలుపొచ్చింది. వెళ్తూ వెళ్తూ కూతురి బుగ్గ గిల్లాడు.

"ఎండాకాలం నీళ్ళాపి కాలవ కట్టేలోపు వచ్చేత్తానే అమ్మా. తమ్ముడి మొదటడుగు నాకోసం దాచి ఉంచుతావా?"

"ఉంచుతాను నాన్నా," అంది మరిడమ్మ.

ఆయన ముద్దుకి అన్నాడు. అది నిజంగానే దాచడం మొదలుపెట్టింది.

ఒకరోజు వాడు మంచంకోడు వదిలి నిలబడ్డాడు. మరిడమ్మ గభాల్న వాడిని చంకనేసుకుంది. మరోరోజు కోడిపిల్లని చూసి కాలెత్తాడు. అప్పుడూ చంకనేసుకుంది. ఇంకోరోజు అమ్మ చేతులు చాపి రమ్మంటే, వాడు ఊగుతూ అడుగు వెయ్యబోతుంటే, మధ్యలో దూరి ఎత్తుకుపోయింది. పిల్లకి తమ్ముడంటే ఎంత ఆపేక్షో అని ఊరంతా మురిసిపోయింది.

నెలలు గడిచాయి. నీళ్ళాపే లాకులు బాగుచెయ్యాలని ఆ ఏడు కాలవ ముందే కట్టేశారు. నీళ్ళు దిగిపోయాయి. పడవలు ఎక్కడివక్కడ బురదలో కూర్చున్నాయి. సింహాద్రి పడవ కూడా ఎక్కడో దూరాన ఆగిపోయింది. సరుకు దించేదాకా పడవ వదిలి రాకూడదట. మరిడమ్మ పొద్దున్నా సాయంత్రం గట్టు మీద నిలబడేది. తాపీ నడకలు వచ్చాయి, చకచక నడకలు వచ్చాయి. వంగుడు నడక మాత్రం రాలేదు. దానికి అన్నం సయించేది కాదు.

ఇక్కడ తమ్ముడికి ఏడాది దాటి మూడు నెలలైనా నడక లేదు. అమ్మ ఆముదం రాసి కాళ్ళు మర్దనా చేసింది. అమ్మవారికి మొక్కుకుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వాడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని బావురుమంది.

"నా బిడ్డకి కాళ్ళు రావేమో!"

మరిడమ్మ పరుగెత్తుకొచ్చి అమ్మ మీద పడింది.

"కాళ్ళున్నాయే అమ్మా! నేనే నడవనివ్వలేదు. నాన్న దాచమన్నాడు."

అమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దాని తల మీదే వేసింది. "ఓసి పిచ్చిదానా! నాన్న మీద నీకు బెంగయితే ఆడి కాళ్ళేం చేశాయే?"

మర్నాడు అమ్మ అరిసెలు వండింది. ఇంట్లో నడిపిద్దామంటే మరిడమ్మ ఒప్పుకోలేదు. "కాలవలో నడిపిద్దామే. బురద మెత్తగా ఉంది. అడుగు పడితే ఉండిపోద్ది."

అప్పుడు అరిటాకులో అరిసెలు పెట్టుకుని అమ్మ బురదలో కూర్చుంది. మరిడమ్మ తమ్ముడిని దింపి చేతులు వదిలేసింది. చంక ఖాళీ అయ్యేసరికి దానికి ఏడుపొచ్చింది. వాడు మాత్రం అక్క వైపు చూడనైనా చూడలేదు. అరిసెల మీదే కన్ను. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగు వేసి చతికిలపడ్డాడు.

ఆ అడుగుల మీద మరిడమ్మ గంప బోర్లించింది. మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టింది. ఒక అరిసె నాన్నకని దాచింది. ఎండకి బురద గట్టిపడింది. అరిసె ఇంకా గట్టిపడింది.

ఒకనాటి సాయంత్రం ఎండిన కాలవలోంచి ఎవరో వస్తున్నారు. పడవ లేదు, తాడు లేదు. మనిషి మాత్రం ముందుకు వంగే ఉన్నాడు.

"నాన్న!"

ఆయన్ని ఇంటికి కూడా పోనివ్వకుండా చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. గంప ఎత్తింది. సింహాద్రి గొంతుక్కూర్చుని ఆ బుల్లి అడుగుల్లో వేళ్ళు పెట్టి చూశాడు. కాలివేళ్ళ సందున లేచిన మట్టి కూడా అలాగే ఉంది. తర్వాత కళ్ళు తుడుచుకుని కూతురి వంక చూశాడు.

"మరి నీ అడుగో? అదీ నేను చూళ్ళేదు కదే."

"నేను పెద్దదాన్నయిపోయాను కదా నాన్నా."

"అయితే అయ్యావులే. నాకోసం ఇప్పుడు ఎయ్యి. రా, నడిచి రా."

ఆయన చేతులు చాపాడు. మరిడమ్మకి సిగ్గేసింది. ఊళ్ళో అందరి నడకలూ నడిచిన పిల్లకి అప్పుడు తన అడుగు ఎలా వెయ్యాలో తెలియలేదు. తమ్ముడి అడుగుల పక్కనే ఒక తప్పటడుగు వేసింది. రెండోది వేసింది. మూడోది వేసి నాన్న ఒళ్ళో పడిపోయింది. ఆయన ఆ రాయిలాంటి అరిసెని పళ్ళతో కొరికి, ముక్క దాని నోట్లో పెట్టాడు.

వానలు పడ్డాయి. కాలవకి నీళ్ళు వదిలారు. గంప తీసేశారు, మూడు అడుగులూ నీళ్ళలో మునిగిపోయాయి. సింహాద్రి మళ్ళీ తాడు భుజానికేసుకున్నాడు. మరిడమ్మ ఆయన వెనకే వంగి వంగి నడుస్తూ మలుపు దాకా వెళ్ళింది. దాని వెనకాల తమ్ముడు, వాడూ వంగే, గునగునా నడుస్తూ. సింహాద్రి వెనక్కి తిరిగి ఇద్దరినీ చూశాడు. వాళ్ళు కనబడినంతసేపూ మెల్లగానే నడిచాడు.

బుడిబుడి అడుగులు నీటికి,
బరువు అడుగులు గట్టుకి,
కథ నడిచీ నడిచీ కంచికి,
కునుకు నడిచీ నడిచీ నీ కంటికి,
నాన్నలంతా నడిచీ నడిచీ ఇంటికి.